బయానా ఇచ్చేముందు బానెట్ ఎత్తించండి

శాలిబండ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయికి ఉద్యోగం వచ్చి రెండేళ్ళయిందట. 2017 మోడల్ ఎర్ర రంగు పోలో జీటీ టీఎస్ఐ ఒకటి బేరానికొచ్చిందనీ, "అమ్మా, అట్లాంటి పికప్ ఇంకే బండికీ రాదు" అంటూ రోజూ అన్నం దగ్గర అదే పాట పాడుతున్నాడనీ, చిట్టీ ఎత్తిన డబ్బు తన దగ్గరే ఉందనీ, ఇవ్వమంటారా వద్దంటారా అని అడిగారు.

వయసులో ఉన్న పిల్లవాడికి వేగంగా పోయే బండి మీద మోజు పుట్టడం తప్పేమీ కాదు. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇంటి లెక్క. నేను చెప్పేది ఒక్కటే. మీ తరఫు మెకానిక్ ఆ బండి బానెట్ ఎత్తి, కింద దూరి చూసి సరే అనేదాకా ఒక్క రూపాయి బయానా కూడా చేతులు మారకూడదు. "ఇంకో పార్టీ సాయంత్రానికి వస్తోంది, ఇప్పుడే ఇస్తే మీకే" అంటారు. రానివ్వండి. ఆ పార్టీ ఎప్పుడూ సాయంత్రానికే వస్తుంది!

"మాకు కార్ల సంగతేం తెలుసండీ" అని మీరనవచ్చు. పత్తర్‌గట్టిలో ముత్యాలు కొనేటప్పుడు ఒకదానికొకటి రాసి చూసేది ఎవరు? పట్టుచీర అంచు తిరగేసి లోపలివైపు పరికించేది ఎవరు? పైమెరుగు చూసి మోసపోకుండా ఉండే విద్య ఇంట్లో మీకున్నంతగా ఇంకెవరికీ ఉండదు. బండి విషయంలో పిల్లవాడి కన్ను రంగు మీదే ఉంటుంది. మీ కన్ను మిగతా వాటి మీద పెట్టండి.

ముందొక మాట. పుస్తకాల్లో బొమ్మలేసే రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లు మన సందుల్లోకి రావడం అరుదు. మనదాకా వచ్చేవి మామూలు కారు ఒంట్లో బలమైన ఇంజిన్ పెట్టినవి. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ, 2015లో వచ్చిన అబార్త్ పుంటో, అంతకుముందు స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ ఇలాంటివే. ఈ రకం కార్లు కొన్నవాళ్ళు చాలామంది వాటిని నెమ్మదిగా నడపడానికి కొనలేదు. అందుకే మామూలు పాత కారును ఒకసారి చూస్తే, దీన్ని రెండుసార్లు చూడాలి.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి. "మేమొచ్చేదాకా స్టార్టు చేయకండి" అని ముందే చెప్పి పంపండి. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే, చల్లటి ఇంజిన్ ఎలా మొదలవుతుందో మీకు కనపడనివ్వలేదన్నమాట. ఇంకో రోజు రమ్మంటే పోతుంది. చల్లటి ఇంజిన్ స్టార్టు చేయించి, వెనకాల సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది. టర్బో ఉన్న బండిలో అది పెద్ద ఖర్చుకు సూచన కావచ్చు. చలి పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే గానీ, ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి. నల్లటి పొగైతే పెట్రోలు సరిగా మండడం లేదు.

పర్సులో ఒక ఫ్రిజ్ మాగ్నెట్ వేసుకెళ్ళండి. నవ్వకండి! మాగ్నెట్‌కు పల్చటి గుడ్డ చుట్టి తలుపుల మీద, డిక్కీ మీద, చక్రాల పైన ఉండే రేకు మీద ఆనించి చూడండి. ఒకచోట గట్టిగా పట్టి, పక్కనే జారిపోతే, అక్కడ సొట్టకు పట్టీ పూసి రంగు కొట్టారని అర్థం. బంపర్లు ప్లాస్టిక్‌వి కాబట్టి వాటికి అంటుకోదు. కొన్ని ఖరీదైన కార్లలో బానెట్ అల్యూమినియంతో చేస్తారు, దానికీ అంటుకోదు. అద్దాల మూలల్లో చిన్న అక్షరాలతో తయారీ గుర్తులుంటాయి. ఒక అద్దం మిగతావాటితో కలవకపోతే ఎప్పుడు, ఎందుకు మార్చారో అడగండి. చిన్న సొట్టకు భయపడక్కర్లేదు. మన ఇరుకు వీధుల్లో తిరిగి ఒక్క గీతా పడని బండి ఉందంటేనే నాకు అనుమానం.

ఇప్పుడు అసలు సంగతి. పాతబస్తీ వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, 2020 అక్టోబరు 13 రాత్రి ఎలా గడిచిందో. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ లాంటి చోట్ల నీళ్ళు ఇళ్ళలోకి దూసుకొచ్చాయి. కార్లు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. ఏ ఊళ్ళో వరదొచ్చినా ఆ తర్వాత అలాంటి బళ్ళు కొన్ని కడుక్కుని, తుడుచుకుని, చేతులు మారి, మళ్ళీ రోడ్డెక్కుతాయి. నీట మునిగిన కారు మొదట బాగానే నడుస్తుంది. వైర్ల కీళ్ళలో చేరిన తడి నెలల తర్వాత పచ్చగా పట్టి, ఒకరోజు దీపాలు, ఇంకోరోజు బ్రేకులకు సంబంధించిన పరికరం, మరోరోజు ఎయిర్‌బ్యాగు మొరాయిస్తాయి. ఎంత మంచి మెకానిక్‌కైనా పట్టుకోవడం కష్టం. మామూలు బండికంటే ఇలాంటి బళ్ళలో కంప్యూటర్ పెట్టెలూ వైర్లూ ఎక్కువ, బాధా ఎక్కువే.

ఈ వాసన పట్టడంలో మీకు మించినవారు లేరు. తడిసిన చాప వాసన, మగ్గిన బట్టల వాసన మీ ముక్కుకు తెలియనిదా? అద్దాలన్నీ మూయించి, ఏసీ ఆపించి, లోపల రెండు నిమిషాలు కూర్చోండి. సెంటు సీసాలు మూడు వేలాడుతుంటే ఇంకా జాగ్రత్తగా పీల్చండి. సీటు బెల్టును చివరికంటా బయటకు లాగండి. ముందుభాగం తుడుస్తారు గానీ లోపల చుట్టుకుని ఉండే చివరి మూర తుడవడం మరిచిపోతారు, అక్కడ బురద చార కనపడుతుంది. కాళ్ళ దగ్గరి కార్పెట్ ఎత్తి వేలు పెట్టి చూడండి. సీట్ల కింది బోల్టులకు తుప్పుందా, డిక్కీలో స్టెప్నీ కింద మట్టి పేరుకుందా, హెడ్‌లైటు లోపల నీటి గీత ఉందా గమనించండి. ఇందులో రెండు గుర్తులు కనపడితే ధర ఎంత తగ్గించినా వద్దని లేచి వచ్చేయమనే నా సలహా.

"ఇది అస్సలు తిరగలేదండీ, మీటర్ చూడండి" అంటారు కొందరు. మీటర్ వెనక్కి తిప్పే ఘనులు ఉన్నారు కనుక, అంకెను బ్రేకు పెడల్ రబ్బరుతో, స్టీరింగ్ మీది తోలుతో, డ్రైవరు సీటు అంచుతో పోల్చి చూడండి. ముప్పై వేలు తిరిగిన బండి పెడల్ నున్నగా అరిగిపోదు. టైరు పక్కన నాలుగంకెల గుర్తుంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. నిజంగానే తక్కువ తిరిగినా అది గొప్పేమీ కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించమన్నది. ఆయన 1911లో కన్నుమూశాకే అది హైదరాబాదు చేరింది. చాలా కొద్ది మైళ్ళే తిరిగిందంటారు. అయినా దానికి మళ్ళీ కళ తేవడానికి నిపుణులు పూనుకోవలసి వచ్చింది. నిలబెట్టిన బండిలో రబ్బర్లు ఎండిపోతాయి, టైర్లు పగుళ్ళిస్తాయి, బ్రేకు ద్రవం తేమ పీలుస్తుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

ఇక మెకానిక్ వంతు. మన పాతబస్తీలో ఆయన్ని ఉస్తాద్ అంటారు, పని తెలిసినవాడికి ఆ పిలుపు దక్కడం న్యాయమే. అమ్మేవాళ్ళ ఉస్తాద్ వద్దు, వాళ్ళ బావమరిది షెడ్డూ వద్దు. అదే రకం బండి చేసిన చెయ్యి కావాలి. స్కూటర్లు బాగుచేసే పెద్దాయన ఎంత మంచివాడైనా టర్బో ఇంజిన్ ఆయన పని కాదు. కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే బండి పాత చరిత్ర కూడా తెలియవచ్చు. ఓనర్‌ను వెంట తీసుకెళ్ళండి, ఆయన అడిగితేనే కాగితాలిస్తారు. పరీక్ష ఖర్చు మీరే పెట్టుకోండి. డబ్బు ఎవరిస్తే మాట వాళ్ళ కోసం వస్తుంది.

ఉస్తాద్‌ను ఇవి చూడమనండి. ర్యాంపు మీదికెక్కించి అడుగుభాగం చూడాలి. ఎత్తు తక్కువ బళ్ళు మన స్పీడ్ బ్రేకర్లకు గీసుకుని ఆయిల్ చాంబర్ దెబ్బతింటుంది. స్కానర్ తగిలించి తప్పుల జాబితా తీయాలి. ఆ జాబితాను నిన్ననే తుడిచేసి ఉంటే, ఇంజిన్ తన స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి చేయలేదని అదే స్కానర్ చెబుతుంది. ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. బ్రేకు పళ్ళేల అంచు మీద గట్టులాంటిది తగిలితే అవి బాగా అరిగాయన్నమాట. కొత్త టైర్లు వేసి మురిపిస్తారు గానీ పళ్ళేలు మార్చడం చాలామంది దాటేస్తారు. బండిని రేసులాగా తోలారా అన్నది అక్కడ తెలుస్తుంది.

మన శాలిబండ సోదరి చెప్పిన బండిలో రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉంటుంది. ట్రాఫిక్‌లో నత్తనడక దానికి పడదు. మదీనా నుంచి చార్మినార్ దాకా సాయంకాలం పూట నడిపి చూడమనండి, అంతకన్నా మంచి పరీక్ష లేదు. ఆగి కదిలేటప్పుడు వణికినా, గేరు మారేటప్పుడు కుదుపు తగిలినా ఆ రిపేరు లక్ష దాటవచ్చు. పైగా ఆ మోడల్ తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది. విడిభాగాలు ఇప్పుడెలా దొరుకుతున్నాయో కూడా ఉస్తాద్‌నే అడగండి.

చెవులు బద్దలయ్యే సైలెన్సర్ బిగించారా, ఇంజిన్ కంప్యూటర్‌ను మార్చి బలం పెంచారా అని సూటిగా అడగాలి. పిల్లవాడికి అదే నచ్చుతుంది, నాకు తెలుసు. పోలీసులు పట్టుకున్నా, ఇన్సూరెన్సు వాళ్ళు క్లెయిము తిరగ్గొట్టినా డబ్బు కట్టేది మీరు. అసలు సైలెన్సర్ వెనక్కి బిగించి ఇమ్మనండి.

"ఇప్పుడే సర్వీసింగ్ చేయించాం" అన్న మాట బిల్లు చూపిస్తేనే మాట. లేకపోతే అది నీళ్ళు కొట్టి పాలిష్ పెట్టడమే. ఇంజిన్ గది తళతళ మెరిసిపోతుంటే ఆయిల్ కారిన చోటు కడిగేశారేమో. ఏమైనా సరే, బండి మీ ఇంటికొచ్చిన వారంలో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు ద్రవం, కూలెంట్ మార్పించి, ఆ తేదీ రాసిపెట్టుకోండి. ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఉన్న రకమైతే ఎప్పుడు మార్చారో ఆధారం లేకపోతే అదీ మార్పించాలి. ఆ బెల్టు తెగితే ఇంజిన్ మొత్తం దెబ్బతినవచ్చు. ఈ ఖర్చంతా బేరంలోనే తగ్గించుకోవాలి. బండి ధరను ఒక కాగితం మీద రాసి, కింద ఉస్తాద్ చెప్పిన రిపేర్లు ఒక్కొక్కటీ తీసివేయండి. కూరగాయలవాడి దగ్గర చేసే లెక్కే.

కాగితాల సంగతి చెప్పి ముగిస్తాను. ఆర్‌సీ మీద చాసిస్ నంబరూ బండి మీది నంబరూ కలవాలి. బ్యాంకు అప్పుంటే అది తీరినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం, దాంతో ఫారం 35 తీసుకోండి. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే పూర్తి సొమ్ము. నంబరు కొట్టి చలానాలు చూడండి. వేగంగా తోలిన బండికి అవి చాంతాడంత ఉంటాయి, అమ్మేవాళ్ళతోనే కట్టించాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళ మీద 2015లో ఆంక్షలొచ్చాక, అక్కడి ఖరీదైన కార్లు మన ఊరికి చవగ్గా చేరాయి. అలాంటిదైతే అక్కడి ఎన్ఓసీ ఉందా, ఇక్కడ లైఫ్ ట్యాక్సు ఎంతవుతుందో బండ్లగూడ ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కోండి. లేకపోతే చవక కాస్తా ప్రియమవుతుంది. ఇన్సూరెన్సు పేరు మార్పుకు 14 రోజుల్లో దరఖాస్తు చేయాలని చట్టం. అది చేయకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు పరిహారం చిక్కులో పడుతుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనకే చెందుతుంది, మీకు రాదు. అందుకే ప్రీమియం ఆయన చెప్పినదానికంటే ఎక్కువే ఉంటుంది.

అన్నట్టు, రెండో తాళంచెవి అడిగి తీసుకోండి. ఇలాంటి బళ్ళకు కొత్త తాళంచెవి చేయించాలంటే కంప్యూటర్ తగిలించాలి, బజార్లో చెక్కించుకునే తాళంచెవి పనికిరాదు. "ఇంట్లో ఎక్కడో ఉంది, రేపు పంపిస్తా" అంటే డబ్బులో కొంత ఆపి, ఆ రేపు వచ్చాకే ఇవ్వండి.