లాయరు తప్పు, ఖైదీకి శిక్ష

హెబియస్ కార్పస్ అనగానే పోలీసులు ఎత్తుకెళ్లిన మనిషిని కోర్టులో హాజరుపరచమని వేసే పిటిషనే మనకు గుర్తొస్తుంది. అమెరికాలో దానికి మరో ఉపయోగం ఉంది. రాష్ట్ర కోర్టులో శిక్ష పడి, అక్కడి అప్పీళ్లన్నీ అయిపోయాక, తన విచారణలో రాజ్యాంగ హక్కులకు భంగం కలిగిందని ఖైదీ ఫెడరల్ కోర్టులో ఇదే పిటిషన్ వేయవచ్చు.

ఈ దారి తెరిచింది 1867 నాటి చట్టం. బానిసత్వం అప్పుడే రద్దయింది. దక్షిణాది రాష్ట్రాల కోర్టులు నల్లవాళ్లకు న్యాయం చేస్తాయన్న నమ్మకం లేదు. 1919లో ఆర్కాన్సాలోని ఎలైన్ ప్రాంతంలో, పత్తికి సరైన ధర కోసం సంఘం పెట్టుకున్న నల్లజాతి కౌలు రైతులను శ్వేతజాతి మూకలు ఊచకోత కోశాయి. బోనెక్కింది మాత్రం నల్లవాళ్లే. బయట మూక, లోపల అంతా తెల్లవాళ్ల జ్యూరీ. 12 మందికి మరణశిక్ష. దాడి ఎవరిపై, కేసు ఎవరిపై అన్న ప్రశ్న మనకూ కొత్తది కాదు. వారిలో ఆరుగురు వేసిన హెబియస్ పిటిషన్‌పై 1923లో మూర్ వర్సెస్ డెంప్సీ కేసులో సుప్రీంకోర్టు, విచారణ మూక భయంతో నడిచిందన్న ఆరోపణ ఉంటే ఫెడరల్ జడ్జి స్వయంగా నిజానిజాలు తేల్చాల్సిందేనంది.

1996లో, ఓక్లహోమా సిటీ పేలుడు తర్వాత ఉగ్రవాద నిరోధం పేరుతో వచ్చిన చట్టం ఆ తలుపును చాలావరకు మూసేసింది. పిటిషన్‌కు ఏడాది గడువు పెట్టింది. రాష్ట్ర కోర్టులో పెట్టని సాక్ష్యాన్ని కొత్తగా తేవడం దాదాపు అసాధ్యం చేసింది. పేలుడుకూ, ఎప్పటినుంచో జైళ్లలో మగ్గుతున్న పేద ఖైదీలకూ ఏం సంబంధం?

దాని ఫలితం 2022లో షిన్ వర్సెస్ రమిరెజ్ కేసులో కనిపించింది. అందులో ఒక ఖైదీకి నాలుగేళ్ల పాప హత్య కేసులో అరిజోనా కోర్టు 1995లో మరణశిక్ష వేసింది. పాపకు గాయాలు ఎప్పుడు తగిలాయన్నదే కేసుకు ప్రాణం. అతని లాయరు ఆ వైద్య సాక్ష్యాన్ని సరిగా శోధించలేదు. తర్వాత వచ్చిన లాయరూ ఆ లోపాన్ని లేవనెత్తలేదు. 2018లో ఫెడరల్ జడ్జి కొత్త సాక్ష్యం విని, మళ్లీ విచారించండి లేదా వదిలేయండి అన్నారు. సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఆ సాక్ష్యాన్ని వినడమే తప్పంది. లాయరు నిర్లక్ష్యం ఖైదీ ఖాతాలోకే వస్తుందట! తీర్పు రాసింది జస్టిస్ క్లారెన్స్ థామస్, ఆ కోర్టు చరిత్రలో రెండో నల్లజాతి జడ్జి. కుర్చీలో మనవాడుంటే చాలనుకునేవాళ్లు ఈ ఒక్క తీర్పు చదవాలి.

ఆ ఖైదీ 2023 జూన్‌లో బయటికొచ్చాడు, కోర్టు దయతో కాదు, ప్రాసిక్యూషన్‌తో ఒప్పందం మీద. పాపను సకాలంలో ఆస్పత్రికి తీసుకెళ్లనందుకు నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి 29 ఏళ్లు జైల్లో గడిచాయి. అలాంటి ఒప్పందం దొరకని ఖైదీలకు 2022 తీర్పే వర్తిస్తోంది.