రాజీనామాకు ముందు

పై అధికారి కించపరిచే కొలువులో కొనసాగాలా, మానేయాలా అన్నది ఆత్మగౌరవానికీ బతుకుదెరువుకూ మధ్య తేల్చుకోవలసిన ప్రశ్న. ఉదాహరణకు, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక పాల్మాకుల వంటి పరిసర గ్రామాలకు గోదాములు, హోటళ్లు, సెక్యూరిటీ కొలువులు దగ్గరయ్యాయి. అలాంటి చోట కాంట్రాక్టు పనైతే జీతమిచ్చేది ఒకరు, పని చెప్పేది మరొకరు. ఫిర్యాదు ఎవరికన్నదే తొలి చిక్కు.

పనిలో తప్పుకు మందలింపు వేరు, మనిషిని నలుగురిలో చులకన చేయడం వేరు. లైంగిక వేధింపుపై మహిళలు 2013 చట్టం కింద సంస్థలోని అంతర్గత కమిటీకి, పదిమందిలోపు సిబ్బంది ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి సాధారణంగా 3 నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. దళిత, గిరిజనులను బహిరంగంగా కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. మామూలు దురుసుతనానికి ప్రత్యేక చట్టం లేదు. తేదీలు, సాక్షులు, మెసేజ్‌లు భద్రపరచి, పైవారికి రాతపూర్వకంగా తెలపడమే దారి.

మానేసే ముందు బకాయిల లెక్క చూసుకోవాలి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా 5 ఏళ్ల సర్వీసు నిండాలి. పీఎఫ్ ఖాతాను కొత్త సంస్థకు బదిలీ చేసుకోవచ్చు. నోటీసు గడువు పాటించి, అనుభవ పత్రం అడిగి తీసుకోవాలి.

మరో కొలువు ఖాయమయ్యాక మానడం క్షేమం. ఆరోగ్యమో భద్రతో దెబ్బతింటుంటే మాత్రం ఆగకూడదు. నోటి దురుసును అదుపు చేయవలసిన బాధ్యత యాజమాన్యాలదే. ఆ భారం రాజీనామాల రూపంలో కార్మికులపై పడకూడదు.