అట్ట మీద బొమ్మ చూసి...

మొన్నామధ్య ఇంటికెళ్తే నాన్న "ఒరేయ్, ఆ క్యాసెట్లవాడు ఒకే వీడియోని అన్నిసార్లు ఎక్కించి డబ్బులు గుంజాడ్రా. సగం తీసేశా" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. అక్క పెళ్ళి, తాతయ్య చివరి సంక్రాంతి... మొత్తం 37 వీహెచ్ఎస్ క్యాసెట్లని ఎంపీ4 ఫైళ్ళుగా మార్పించాం మరి. అదృష్టం, రీసైకిల్ బిన్ ఇంకా ఖాళీ చెయ్యలేదు.

ఫోల్డర్ తెరిచి చూస్తే నాన్న తప్పేమీ కనబడలేదు. ఫైళ్ళ పేర్లు వట్టి అంకెలు. ప్రతిదాని మీదా ఒకటే బొమ్మ, ఆ షాపువాడి లోగో! ఆడిస్తే మాత్రం దేని వీడియో దానిదే.

ముందు విండోస్ క్యాష్ పాడైందనుకున్నా. డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్ తుడిచేశా. మళ్ళీ అదే లోగో. ఒక ఫైలు నా లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే అక్కడా అదే. అంటే జబ్బు కంప్యూటర్‌ది కాదు, ఫైలుదే. ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో చూస్తే గుట్టు బయటపడింది: ఒక వీడియో స్ట్రీమ్, ఒక ఆడియో స్ట్రీమ్, వాటి పక్కన 'అటాచ్డ్ పిక్' అన్న గుర్తుతో ఒక జేపెగ్ బొమ్మ. ఎంపీ4 ఫైల్లో అట్టబొమ్మ పెట్టుకోడానికి విడిగా ఒక అర ఉంటుంది (ఎంకేవీలో అయితే అటాచ్‌మెంటుగా పెడతారు). అందులో బొమ్మ ఉంటే ఎక్స్‌ప్లోరర్ దాన్నే చూపిస్తుంది, లేకపోతే వీడియోలోంచి ఒక ఫ్రేము లాగి చూపిస్తుంది.

మందు తేలికే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మ్యాప్ ఆప్షన్‌కి చిన్న 'వి' కాకుండా కాపిటల్ 'వి' ఇస్తే అట్టబొమ్మని వదిలేసి అసలు వీడియోనే తీసుకుంటుంది. ఆడియోని కూడా మ్యాప్ చేసి, కోడెక్ దగ్గర 'కాపీ' అంటే క్వాలిటీ పిసరంత కూడా తగ్గదు. 37 ఫైళ్ళకీ ఒక చిన్న స్క్రిప్టు రాసి పడేశా.

రిఫ్రెష్ కొడితే... చాలావాటి మీద నీలం తెర! క్యాసెట్ మొదట్లో బొమ్మ రాకముందు ఉండే నీలం. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

అప్పుడనిపించింది, ఫైల్లో బొమ్మ పొదగడం తప్పు కాదు. ఆ ఫైల్లో ఏముందో తెలీనివాడు పొదగడం తప్పు. ఇందులో మా ప్రోగ్రామర్ల వాటా కూడా ఉంది. ఈ బొమ్మ వీడియోలోదా, ఎవరో అతికించిందా అన్నది ఎక్స్‌ప్లోరర్ చెప్పదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి. మూల ఒక చిన్న గుర్తు పెడితే పోయేదేముంది? ఉంచాలా తీసెయ్యాలా అన్నది జనం ఆ బొమ్మని చూసే తేల్చుకుంటున్నారు కదా!

ఇక చేసేది లేక నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నా. ఒక్కో క్యాసెట్ ఆడిస్తూ ఆయన "ఆపు, ఇదీ" అన్న చోట ఫ్రేము తీసి, అదే అరలో పెట్టుకుంటూ పోయా. రెండు ఆదివారాలు పట్టింది. సంక్రాంతి క్యాసెట్‌కి తాతయ్య ఇటు తిరుగుతున్న ఫ్రేము ఎంచారు. "మసగ్గా ఉంది నాన్నా, వేరేది చూద్దాం" అన్నాను.

"నాకు తెలుస్తోందిగా" అన్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఫైళ్ళుంటే, తీసేసే ముందు ఒక్కసారి ఆడించి చూడండి.