స్మార్ట్ హోమ్: యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని వస్తే అసలు ఏం జరిగినట్టు? అన్నిటికీ ఒకటే మాట.. అక్కడే వస్తోంది చిక్కు!

2025 అక్టోబర్ 20, దీపావళి. మధ్యాహ్నం 12 దాటింది, మనమంతా పండగ హడావిడిలో ఉన్నాం. సరిగ్గా అప్పుడే అమెరికాలోని నార్తర్న్ వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్ సర్వీస్ ఏడబ్ల్యూఎస్ తడబడింది. ఓ డేటాబేస్ సర్వీస్‌కు సంబంధించిన డీఎన్ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ అడ్రస్ బుక్‌లో వచ్చిన తప్పు అది. అంతే.. చాలామందికి అలెక్సా పలకలేదు, రింగ్ కెమెరాలు మొరాయించాయి. ఎయిట్ స్లీప్ అనే కంపెనీ అమ్మే స్మార్ట్ బెడ్‌లైతే కొన్ని వేడెక్కి అలాగే ఉండిపోయాయి, కొన్ని పైకి లేచిన పొజిషన్‌లోనే ఇరుక్కుపోయాయి. పడుకోవడానికి కూడా సర్వర్ పర్మిషన్ కావాలన్నమాట!

ఇంట్లో కరెంట్ ఉంది, వైఫై ఉంది, వస్తువు కూడా బాగానే ఉంది. మరి ఎందుకు పనిచేయలేదు? మనం ఫోన్‌లో బటన్ నొక్కితే ఆ ఆర్డర్ నేరుగా పక్క గదిలోని బల్బుకు వెళ్లదు. చాలా బ్రాండ్లలో ముందు కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మన ఇంటికి వస్తుంది. మధ్యలో సర్వర్ పడిపోతే యాప్ చెప్పేది ఒకటే.. ‘ఆఫ్‌లైన్’. ఎయిట్ స్లీప్ సీఈఓ సారీ చెప్పారు. ఆ తర్వాత నెట్ లేకపోయినా బ్లూటూత్‌తో బెడ్ నడిచేలా అప్‌డేట్ ఇచ్చారు. మొదటి రోజు నుంచే ఇవ్వాల్సింది కదా అనిపిస్తుంది.

సర్వర్ పడిపోతే మళ్లీ లేస్తుంది. కంపెనీయే ఆపేస్తే? అదే ఏడాది అక్టోబర్ 25న గూగుల్ తన పాత నెస్ట్ థర్మోస్టాట్లకు, అంటే ఫస్ట్, సెకండ్ జనరేషన్ మోడల్స్‌కు యాప్ సపోర్ట్ ఆపేసింది. గోడ మీద చేత్తో తిప్పితే పనిచేస్తాయి, ఫోన్ నుంచి మాత్రం కుదరదు. 2026 జనవరి 31తో బెల్కిన్ తన వీమో ప్లగ్గుల్లో చాలావాటికి క్లౌడ్ సపోర్ట్ ముగించింది. ముందే యాపిల్ హోమ్‌కిట్‌లో కలిపి పెట్టుకున్నవాళ్లు బతికిపోయారు.. ఎందుకంటే ఆ దారి ఇంట్లోనే ఉంటుంది.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. అమ్మ అలవాటు ప్రకారం గోడ స్విచ్ ఆపేస్తుంది, స్మార్ట్ బల్బు ఆఫ్‌లైన్. వైఫై పాస్‌వర్డ్ మార్చారు, అన్నీ ఆఫ్‌లైన్. కరెంట్ పోయింది, రౌటర్‌కు ఇన్వర్టర్ కనెక్షన్ లేదు.. ఆఫ్‌లైన్. డల్లాస్‌లో ఉన్న కొడుకు విజయవాడలో ఒంటరిగా ఉంటున్న అమ్మానాన్నల ఇంటి కెమెరా చూస్తుంటాడు అనుకోండి. స్క్రీన్ మీద ఆ ఒక్క మాట కనిపిస్తే అతనికి ఏం అర్థం కావాలి? కరెంట్ పోయిందా, నెట్ పోయిందా, ఎవరైనా కెమెరా పీకేశారా? అర్ధరాత్రి లేచి పక్కింటివాళ్లకు ఫోన్ చేయడం తప్ప దారి లేదు.

ఇంతకంటే ప్రమాదం ఇంకోటుంది. ఆఫ్‌లైన్ అయినా ఆ మాట చెప్పకపోవడం! తలుపులకు పెట్టే చిన్న సెన్సర్లు బ్యాటరీ ఆదా కోసం ఎక్కువసేపు నిద్రలోనే ఉంటాయి. అందుకే జిగ్‌బీ పరికరాలను నడిపే జిగ్‌బీ2ఎంక్యూటీటీ అనే సాఫ్ట్‌వేర్‌లో అవైలబిలిటీ చెకింగ్ ఆన్ చేస్తే, డీఫాల్ట్‌గా కరెంట్‌తో నడిచే వస్తువు 10 నిమిషాలు పలకకపోతే ఆఫ్‌లైన్ అంటుంది. బ్యాటరీ వస్తువుకైతే 25 గంటలు ఆగుతుంది. అంటే నిన్న రాత్రి బ్యాటరీ అయిపోయినా, ఇవాళంతా యాప్‌లో ‘తలుపు మూసే ఉంది’ అనే కనిపించొచ్చు. అది చివరిసారి విన్న మాట మాత్రమే. తలుపు ఇప్పుడెలా ఉందో ఎవరికీ తెలియదు.

హోమ్ అసిస్టెంట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో కాస్త నిజాయితీగా ఉంటుంది. పరికరం అందకపోతే ‘అన్‌అవైలబుల్’ అంటుంది. పరికరం ఉంది కానీ విలువ ఇంకా రాలేదంటే ‘అన్‌నోన్’ అంటుంది. ఫలానా సెన్సర్ 10 నిమిషాలుగా అందుబాటులో లేకపోతే ఫోన్‌కు మెసేజ్ పంపమని మనమే రూల్ పెట్టుకోవచ్చు. అయితే ఇక్కడా ఒక తిరకాసు ఉంది. రాత్రి 7 గంటలకు గీజర్ ప్లగ్ ఆపెయ్ అని పెట్టారు, ఆ టైమ్‌కు ప్లగ్ ఆఫ్‌లైన్‌లో ఉంది. ఆ ఆర్డర్ అక్కడితో పోయినట్టే, తర్వాత దానంతట అదే మళ్లీ వెళ్లదు. కనెక్షన్ తిరిగి వచ్చాక ఒకసారి చెక్ చేసి ఆపేలా ఇంకో రూల్ రాసుకోవాలి. ప్లగ్ సెట్టింగ్స్‌లో ‘పవర్ ఆన్’ ఆప్షన్ ఉంటే గీజర్‌కు మాత్రం ‘ఆఫ్’ అని పెట్టండి. ‘లాస్ట్ స్టేట్’ అని ఉంటే, కరెంట్ పోయేటప్పటికి ఆన్‌లో ఉన్న గీజర్ కరెంట్ రాగానే మళ్లీ ఆన్ అవుతుంది.

ఇక ఆఫ్‌లైన్ అని కనిపించగానే వస్తువును రీసెట్ చేసేయకండి. ముందు యాప్‌లో మిగతావి ఎలా ఉన్నాయో చూడండి. ఒక్కటే పోతే గోడ స్విచ్చో, బ్యాటరీనో అయ్యుంటుంది. ఇంట్లో అన్నీ పోతే రౌటర్ లేదా కరెంట్. ఒకే బ్రాండ్‌వి మాత్రమే పోతే, మిగతావి పనిచేస్తుంటే.. అది ఎక్కువగా కంపెనీ సర్వర్ గొడవే. అప్పుడు రీసెట్ చేస్తే మళ్లీ కనెక్ట్ కూడా కాక ఇంకా ఇరుక్కుంటారు.

ఊళ్లో పెద్దవాళ్ల కోసం కెమెరా పెట్టినవాళ్లు అయితే రౌటర్‌ను, ఫైబర్ నెట్ బాక్స్‌ను, కెమెరాను మూడింటినీ ఇన్వర్టర్ లైన్ మీదకు మార్పించండి. కెమెరాలో మెమరీ కార్డ్ కూడా వేయించండి. నెట్ పోయిన ఆ కాసేపటి వీడియో కనీసం తర్వాతైనా చూసుకోవచ్చు.