ట్యూబు రాస్తే పోతుందిలే!

ఈ మాట అనని తెలుగువాడుంటే చూపించండి, దణ్ణం పెట్టుకుంటాను. నేనూ అన్నాను. అదీ ఎవరితో? కిడ్నీ మార్పిడి చేయించుకున్న మా బాబాయితో!

పొలం గట్టు మీద ఆయన కాల్లో తుమ్మ ముల్లు దిగింది. కొన్నాళ్ళకి అక్కడ గోలీ అంత గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు. వాట్సాప్‌లో ఫొటో పంపితే, మీటింగులో ఉండగానే "ఏదైనా ట్యూబు రాసుకో బాబాయ్" అని కొట్టేశాను. మెడికల్ షాపువాడు స్టెరాయిడ్ కలిసిన క్రీము ఇచ్చాడు. మూడు నెలలు రాశాడు. ఎరుపు తగ్గింది, గడ్డ పెరిగింది. చివరికి ముక్క తీసి పరీక్షకి పంపితే తేలింది, చర్మం లోపల ఫంగస్ అని.

మట్టిలో, కుళ్ళిన కట్టెల్లో ఉండే నల్ల బూజు ముల్లుతో పాటు లోపలికి పోతుందట. (2021 నాటి బ్లాక్ ఫంగస్ వేరు. అందులో నల్లబడేది చచ్చిన కండ, ఇక్కడ బూజే నల్లది.) మామూలుగా అయితే ఒంట్లోని రక్షణ దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. మార్పిడి అయినవాళ్ళకి ఆ రక్షణని మందులతో మనమే తగ్గిస్తాం, లేకపోతే కొత్త కిడ్నీ నిలవదు. దానిమీద స్టెరాయిడ్ క్రీము అంటే ఖాళీ క్యాచ్ బ్లాక్ రాయడమే. లాగ్‌లో ఎర్రర్ కనపడదు, బగ్ మాత్రం హాయిగా పెరుగుతుంటుంది.

సరే, ఫంగస్ మాత్రలు కొనేస్తే పోలా అంటారా? ఇట్రాకొనజోల్ వాడితే రక్తంలో టాక్రోలిమస్ పెరిగిపోతుంది. డోసు తగ్గించి, రక్తపరీక్షలు చేయిస్తూ నెలల తరబడి వాడాలి. లేదంటే కిడ్నీకే ఎసరు.

2018లోనే స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం రూలు పెట్టింది. షాపువాణ్ణి తిట్టడం తేలికే. కానీ అడిగి కొనిపించింది ఎవరండీ? రివ్యూ లేకుండా ఒక్క లైను కోడు మెర్జ్ చేస్తే రాద్ధాంతం చేసే మనమే, ఫొటో చూసి వైద్యం చెప్పేస్తాం!

మీ ఇంట్లో మార్పిడి అయినవాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళు, షుగరు అదుపులో లేనివాళ్ళు ఉన్నారా? వాళ్ళ ఒంటి మీద కొత్తగా గడ్డో మానని పుండో కనిపిస్తే ట్యూబు వద్దు. వాళ్ళని చూస్తున్న డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళి "ముక్క తీసి పరీక్ష చేయించాలా?" అని అడగండి.

బాబాయ్‌కి గడ్డ కోసి తీసేశారు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. నన్ను ఒక్కమాట అనలేదు. ఆయన అనలేదు కాబట్టే నేను ఇక్కడ రాసుకుంటున్నాను.