ముసాయిదాను ముసాయిదాగానే ఉండనివ్వండి

తెలుగులో రోజూ వాడే 'ముసాయిదా' మన ఉర్దూ 'ముసవ్వదా'యే. అరబీలో నలుపును చెప్పే ధాతువు నుంచి పుట్టింది. రాసి, కొట్టేసి, పక్కన మళ్లీ రాసి, అదీ కొట్టేసి సిరాతో నల్లబడిన కాగితం ముసవ్వదా. దాన్ని చూసి శుభ్రంగా ఎత్తి రాసిన ప్రతి 'ముబయ్యజా', అంటే తెల్లబరిచినది. తెలుగువాళ్లు నల్లదాన్ని తెచ్చుకుని తెల్లదాన్ని ఉర్దూకే వదిలేశారు. శాసనసభలో 'ముసాయిదా బిల్లు' అన్నప్పుడల్లా నాకు మా ఉర్దూ మీడియం బడిలోని ఉస్తాద్ గుర్తొస్తారు. మజ్మూన్ రాసి చూపిస్తే కొట్టివేతలు లేని కాగితం మీదే ఆయనకు షక్. "ఎక్కడ చూసి దించావ్?" అనేవారు.

ఇంత భాషా పురాణం ఎందుకంటే, సాఫ్ట్‌వేర్ వాళ్ల 'ప్రోటోటైప్'కు మన పత్రికలు 'నమూనా' అని రాస్తున్నాయి. నమూనా ఫార్సీ మాట. చూపించడం అనే అర్థమున్న 'నమూదన్' నుంచి వచ్చింది. బట్టల కొట్టులో చూపించే నమూనా ముక్క ఒక భరోసా: మీకిచ్చే తానూ ఇలాగే ఉంటుందని. ముసాయిదా అలా కాదు. ఇది మారుతుంది, మార్చడానికే రాశాం అని ముందే ఒప్పుకునే కాగితం. ప్రోటోటైప్ నమూనా కాదు, ముసాయిదా అని నా వాదన. మాటల గొడవే కదా అని తీసిపారేయకండి. ఈ రెంటినీ కలిపేయడం వల్ల ఎవరి జేబుకు చిల్లు పడుతుందో కింద చెబుతాను.

మా భాంజా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. "మామూ, మాది ఎజైల్. రెండు వారాలకో స్ప్రింట్, స్ప్రింట్ చివర డెమో. ప్రతి స్ప్రింటూ ప్రోటోటైపే. మళ్లీ వేరే ప్రోటోటైప్ దేనికి?" అన్నాడు. వాడొక్కడే కాదు, ఆ రంగంలో నాకు తెలిసిన నలుగురూ ఇదే సబఖ్ అప్పజెప్పారు.

వాడి మాటకు ఆధారం లేకపోలేదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు కొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో రాశారు. దానికి జోడించిన 12 సూత్రాలనూ వెతికాను, ప్రోటోటైప్ అనే మాటే లేదు. పనిచేసే సాఫ్ట్‌వేరే ప్రగతికి కొలమానం అన్నారు. కొన్ని వారాల నుంచి రెండు నెలల లోపు, వీలైనంత తొందరగా దాన్ని చేతికివ్వాలన్నారు. మగర్ ఆ గుంపులోని కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్‌ల ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో 'స్పైక్' అనే పద్ధతి ఉంది. తెలియని చోట గునపం దింపి చూసినట్టు, ఒక్క సందేహం తీర్చుకోవడానికి నాలుగు లైన్ల కోడ్ రాసి, జవాబు రాగానే పారేయడం. మన దగ్గరికి స్ప్రింట్లూ స్టాండప్‌లూ వచ్చాయి గానీ, ఆ పారేసే అలవాటు సగంలో ఎక్కడో దిగిపోయింది.

స్ప్రింట్‌లో కట్టేది పక్కా గోడ. చిన్నదైనా సరే, రేపు దాని మీద ఇంకో వరస లేస్తుంది. ప్రోటోటైప్ కచ్చా కుట్టు. షేర్వానీ కుట్టించుకున్నవాళ్లకు తెలుసు. దర్జీ ముందు తెల్ల దారంతో పొడవాటి టాకాలు వేసి, ఒక చేయి తగిలించీ తగిలించకుండా, ట్రయల్‌కు రమ్మంటాడు. అద్దం ముందు నిలబెట్టి సుద్దతో గీతలు గీస్తాడు. చంక దగ్గర పట్టేస్తోందంటే సర్రున దారం లాగేస్తాడు, ఆయనకు నొప్పి లేదు. అదే మిషన్ కుట్టు వేశాక చెప్పండి, మొహం చూడాలి. భుజం ఎక్కడ పడుతుందో తెలియనప్పుడు మిషన్ ఎక్కించే దర్జీని మనం జల్దీ మనిషి అనం, అనాడీ అంటాం.

ఈ ఇల్మ్ ఎజైల్ కంటే పాతది. మెట్ల మీంచి నీళ్లు దిగినట్టు ఒకదాని తర్వాత ఒకటి పని చేసే 'వాటర్‌ఫాల్' పద్ధతికి విన్‌స్టన్ రాయిస్ 1970 నాటి వ్యాసాన్ని మూలంగా చూపిస్తారు. పాపం, ఆ బొమ్మ గీసి ఇది ప్రమాదకరం అని రాసినవాడే ఆయన. సాఫ్ట్‌వేర్ కొత్త రకమైతే రెండుసార్లు కట్టండి, 30 నెలల పనికి 10 నెలలు ముందు ఒక చిన్న పైలట్‌కు ఇవ్వండి అన్నాడు. లోకం బొమ్మను చూసింది, కింద రాసింది చదవలేదు. మా పత్రికల్లో హెడ్డింగ్ ఒక్కటే చదివి ఫోన్ చేసే పాఠకుల్లాగ. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో, మొదటిది ఎలాగూ పారేస్తారు కాబట్టి పారేయడానికే ప్లాన్ చేసుకోండని సలహా ఇచ్చాడు. 20 ఏళ్ల తర్వాత అదే పుస్తకం కొత్త ముద్రణలో ఆ సలహా మరీ మొరటుగా ఉందని, మొత్తం కట్టి పారేయడం కంటే కొంచెం కొంచెంగా పెంచడం మేలని తానే దిద్దుకున్నాడు. ఆ దిద్దుబాటును భాంజా నా మీదికి హుజ్జత్‌గా తేవచ్చు. తెచ్చినా నాకు ఇబ్బంది లేదు. మొత్తం కట్టి పారేయమని నేనూ అనను. తెలియని ముక్క ఏదో దానికే కచ్చా కుట్టు వేయమంటాను.

ఎంత కచ్చాగా ఉండొచ్చు? జెఫ్ హాకిన్స్ సంగతి చూడండి. 1996లో మార్కెట్‌కు వచ్చిన పామ్ పైలట్, అరచేతి కంప్యూటర్, ఆయన ఆలోచన. కంపెనీ దాన్ని తయారు చేయకముందే చొక్కా జేబులో పట్టే కొలతకు ఒక చెక్క ముక్క కోయించుకున్నాడు. ఎవరైనా మీటింగ్ అడిగితే జేబులోంచి చెక్క తీసి, పుల్లతో దాని మీద రాసినట్టు నటించేవాడు. చూసేవాళ్లకు పాగల్‌పన్. ఆయనకు కావలసిన సవాల్ ఒకటే: దీన్ని రోజంతా మోయాలనిపిస్తుందా, తీసి వాడాలనిపిస్తుందా? ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులోకి వచ్చి ఛాలెంజ్ అయింది. ప్రోటోటైప్ విషయంలో మాత్రం ఉర్దూ అర్థమే పనికొస్తుంది. అడిగే ప్రశ్న ఏమిటో తెలియకుండా చేసింది ప్రోటోటైప్ కాదు, తమాషా.

ఇక తమాషా సంగతి. నేను పనిచేసిన ఒక దినపత్రికలో మండల కంట్రిబ్యూటర్లు ఫోన్ నుంచే వార్తలు పంపే యాప్ పెడతామన్నారు. కాన్ఫరెన్స్ హాల్లో పెద్ద తెర మీద డెమో. ఆఫీసు వైఫైలో ఫోటో టక్కున ఎక్కింది, హెడ్డింగ్, డేట్‌లైన్ వాటి చోట్లలో అవే కూర్చున్నాయి. పెద్దలంతా వాహ్వా. చేసిన కుర్రాళ్లు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు, "సార్, ఇది తెరలు ఎలా ఉంటాయో చూపడానికే, లోపలి పని మళ్లీ రాయాలి" అని. వచ్చిన జవాబు, "పనిచేస్తోందిగా?" నెల తిరక్కుండా జిల్లాలకు పంపేశారు.

సిగ్నల్ ఒక గీత ఉండే ఊళ్లో చెట్టు కింద నిలబడి పాతిక లైన్లు టైప్ చేసి 'పంపు' నొక్కితే తెర గిర్రున తిరిగి ఖాళీ అయ్యేది. రాసింది ఫోన్‌లో మిగిలేది కాదు. ఆ డెమో సిగ్నల్ లేని చోటు గురించి ఎవర్నీ ఏమీ అడగలేదు మరి. కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన దానికే పైసలు. పోయిన వార్త అంటే పోయిన రోజీ. వాళ్లు ఎవరితోనూ జగడం పెట్టుకోలేదు, ఒక్కొక్కరే వాట్సాప్‌కు వెళ్లిపోయారు. డెస్కులో మేము ఆ వాట్సాప్ కాపీలను మళ్లీ యాప్‌లోకి ఎక్కించేవాళ్లం, యాప్ వాడకం లెక్క పైకి బాగా కనిపించాలి గనక. కచ్చా కుట్టుతోనే దూల్హాను బారాత్‌కు పంపిన పని అది.

అందుకే నిగనిగలాడే ప్రోటోటైప్ అంటే నాకు భయం. తెర మీద అందంగా ఉన్నదాన్ని చూపి అభిప్రాయం అడగండి, రంగు బాగుంది, ఆ బటన్ కుడివైపుంటే బాగుండు అంటారు. అదే కాగితం మీద పెన్సిల్‌తో గీసి చూపండి, "అసలు మాకు ఈ పేజీ దేనికండీ?" అని అడిగే హిమ్మత్ వస్తుంది. కాగితం ముందు అందరూ ఉస్తాదులే. ముఖ్యంగా పెద్ద చదువు లేనివాళ్లు, గుమస్తాలు, మీ సేవ కౌంటర్ ముందు నిలబడేవాళ్లు. అద్దంలా మెరిసే తెర వాళ్ల నోరు మూయిస్తుంది.

ప్రోటోటైప్‌లో నింపే పేర్లు కూడా చూడండి. రవి కుమార్, ప్రియా రెడ్డి, ఎప్పుడూ వీళ్లే. మొదటి పేరు ఒకటి, ఇంటిపేరు ఒకటి, రెండు డబ్బాల్లో చక్కగా సరిపోతాయి. మా గుంటూరు వైపు నుంచి షేక్ మస్తాన్ వలీని తెచ్చి కూర్చోబెట్టండి. షేక్ ఇంటిపేరా? ఊళ్లో ముస్లింలలో సగం మందికి అదే ఉంటుంది, అన్నదమ్ములు కానక్కర్లేదు. ఒకరి బడి సర్టిఫికెట్‌లో ఎం.డి. అని ఉంటుంది, రేషన్ కార్డులో మహమ్మద్, ఆధార్‌లో మొహమ్మద్. ఖాసింబీ పేరులో 'బీ' కలిపి రాయాలా, విడదీయాలా? ఒకే పేరున్న మనిషి ఇంటిపేరు డబ్బాలో ఏం నింపాలి? ఎర్ర చుక్క పెట్టి తప్పనిసరి అంటే నెట్ సెంటర్ కుర్రాడు తోచింది కొట్టేస్తాడు, మళ్లీ పేరునే కొడతాడు, లేదా ఒక ఫుల్‌స్టాప్ పెడతాడు. రెండేళ్ల తర్వాత స్కాలర్‌షిప్ దగ్గర పేర్లు కలవడం లేదని పిల్ల చేత అఫిడవిట్ రాయిస్తారు. నోటరీ ఖర్చు, తండ్రికి ఒకరోజు కూలి. ఇందులో ఎవరి దుష్మనీ లేదు. ప్రోటోటైప్‌లో ఖాసింబీ లేదు, అంతే. తమిళుల ఇనిషియల్‌కూ, ఒకే పేరున్న ఆదివాసీకీ ఇదే తిప్పలు.

రెండు వారాల స్ప్రింట్‌లో ఇది ఎందుకు దొరకదంటే, స్ప్రింట్ చివర డెమో చూసేవాళ్లు ఆఫీసులోని వాళ్లే. వాళ్లకు ఇంటిపేర్లున్నాయి. అప్పటికి డేటాబేస్‌లో ఆ రెండు డబ్బాలూ పక్కాగా కట్టేసి ఉంటారు, మీద ఇంకో పది వరసలు లేచి ఉంటాయి. కాగితం మీదైతే ఒక్క రబ్బరు ముక్కతో పోయే గీత అది.

సర్కారు పనుల్లో ఇదంతా కుదరదు, టెండర్లో ప్రతిదీ ముందే రాయాలి అంటారు. బ్రిటన్ సర్కారు 2011 మేలో 'ఆల్ఫా' అని పేరు పెట్టి ఒక ప్రయోగ వెబ్‌సైట్‌ను జనం ముందు ఉంచింది. ఇది అసలుది కాదు, చూసి చెప్పండి అంది. విమర్శలన్నీ విని, తర్వాత బీటా నడిపి, 2012 అక్టోబరులో అసలు సైట్ తెరిచింది. అమెరికా ఆరోగ్య బీమా సైట్ 2013 అక్టోబరు 1న 36 రాష్ట్రాలకూ ఒకేసారి తెరుచుకుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పరీక్ష మొదలైంది ప్రారంభానికి రెండు వారాల ముందేనని కాంట్రాక్టర్లే తర్వాత కాంగ్రెస్ ముందు చెప్పారు. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురు. పైసా కొరత వల్ల వచ్చిన తేడా కాదిది. ముసాయిదాను నలుగురికీ చూపించడం బేఇజ్జతీ అనుకోకపోవడం వల్ల వచ్చింది.

భాంజాతో బహస్ ఇంకా తెగలేదు. ఆ రోజు వాడికి ఒక కాగితం మీద పది పేర్లు రాసిచ్చి, ఇప్పుడు కడుతున్న ఫారంలో నింపి చూడమన్నాను. మస్తాన్ వలీ, ఖాసింబీ, నాగుల్ మీరా, వాళ్ల తాతగారి పేరు కూడా. నాలుగు పేర్లు ఆగిపోయాయట. ఎర్ర చుక్క తీసేద్దామని టీంలో చెప్పాడట కూడా. మంచి పాయింటే, వచ్చే స్ప్రింట్‌లో చూద్దాం అన్నారట.