‘రక్తం తక్కువుంది’ అని వెనక్కి పంపారా? ఆ మాట అక్కడితో వదిలేయకండి

రక్తదాన శిబిరంలో సంచీకి సూది గుచ్చేముందు ఒక చిన్న పరీక్ష ఉంటుంది. వేలి కొస మీద పొడిచి, ఉబికిన చుక్కను సన్నటి గాజు గొట్టంలోకి తీసుకుని, నీలంగా ఉండే మైలుతుత్తం నీళ్లలో వదులుతారు. చుక్క గబగబా అడుగుకు దిగితే మంచం ఎక్కొచ్చు. తేలితే, లేదా నడిమధ్య తటపటాయించి పైకి లేస్తే, ఆ రోజుకి రక్తం తీసుకోరు. కొన్నిచోట్ల ఇప్పుడు చిన్న మిషన్ పెట్టి అంకె చూస్తున్నారు. ఏది చేసినా పదిహేను ఇరవై సెకన్ల నుంచి నిమిషం లోపే తేలిపోతుంది.

ఆ తర్వాత జరిగేదాని గురించే ఈ హెచ్చరిక. “రక్తం తక్కువుందమ్మా, బాగా తిని మళ్లీ రా” అని చెప్పి పంపేస్తారు. అలా వెనక్కి వచ్చిన, డిగ్రీ చదివే ఓ అమ్మాయి చేతిలో దూదిముక్క తప్ప కాగితమేమీ ఉండదు. స్నేహితురాళ్లు అడిగితే సిగ్గుపడి నవ్వేస్తుంది. ఇంటికెళ్తే అమ్మ “పోనీలే, అసలే పీలగా ఉన్నావు, మంచిదే అయింది” అంటుంది. అంతటితో ఆ సంగతి ముగిసిపోతుంది. ఒంట్లో ఏదో తేడా ఉందని తొలిసారి రుజువైన రోజు అది. అదే రోజు దాన్ని అందరూ మరిచిపోతున్నారు.

మన దేశంలో రక్తం ఇవ్వాలంటే ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. రక్తహీనతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వేరు: గర్భం లేని స్త్రీకి 12, మగవాడికి 13. కాబట్టి 12.2 ఉన్న స్త్రీని వెనక్కి పంపినా ఆమెకు రక్తహీనత ఉందని కాదు, అంచున ఉందని అర్థం. అదే 12.5 కంటే తక్కువ వచ్చిన మగవాడికి మాత్రం రక్తహీనత ఉన్నట్టే. నెలసరి లేని ఒంట్లో రక్తం ఎందుకు తగ్గింది? కడుపులో పుండు, మొలలు, మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మింగిన నొప్పి బిళ్లలు, కొంకిపురుగులు, ఒక్కోసారి పేగు క్యాన్సర్. నడివయసు దాటిన మగవాళ్లను, నెలసరి ఆగిపోయిన స్త్రీలను ‘రక్తం తక్కువ’ అని వెనక్కి పంపితే, లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమోనని ముందు అనుమానించాలి. టానిక్ సీసా కొనుక్కుని ఇంటికి పోవడం కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. సగానికి మించి! ఇంతమందికి ఉంది కాబట్టే అది మన కంటికి జబ్బులా కనపడటం మానేసింది. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే జుట్టు ఊడటం, పొద్దున లేస్తూనే నీరసం. “ఆడవాళ్లన్నాక మామూలే” అనేస్తాం. బలపాలు, సుద్ద, పచ్చి బియ్యం, మట్టి తినాలనిపించడం కూడా చాలాసార్లు ఐరన్ లోపానికి గుర్తే. అలా తినే పిల్లని తిట్టి బలపం లాక్కోవడం కాదు, పరీక్షకు తీసుకెళ్లాలి. శిబిరం నుంచి వెనక్కి వెళ్లిన అమ్మాయే రేపు గర్భవతి అవుతుంది. కాన్పులో రక్తం పోతే తట్టుకునే శక్తి ఒంట్లో ఉండదు. ఇవాళ రక్తం ఇవ్వడానికి వచ్చినామె ఆ రోజు రక్తం కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

ఇంకో మాట. గాదె అడుగంటుతున్నా ఆ పూటకి కంచంలో అన్నం ఉంటుంది. హిమోగ్లోబిన్ ఆ కంచం లాంటిది. ఒంట్లో దాచుకున్న ఐరన్ దాదాపు అయిపోయాకే అది తగ్గడం మొదలవుతుంది. గాదెలో ఎంత మిగిలిందో చెప్పేది ఫెర్రిటిన్ పరీక్ష. అందుకే రక్తకణాల లెక్క చూసే సీబీసీ పరీక్షతో పాటు అదీ చేయించాలి. మూణ్ణెల్లకోసారి తప్పకుండా రక్తమిచ్చే కుర్రాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఒక్కసారి రక్తమిస్తే సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. తిండితో అది పూడటానికి నెలలు పడుతుంది. ఎన్నిసార్లు ఇచ్చామన్న లెక్క కోసం ఒంటిని గుల్ల చేసుకోవద్దు.

పరీక్ష లేకుండా ఐరన్ బిళ్లలు నెలల తరబడి మింగడమూ తప్పే. ఎర్రకణాలు మరీ చిన్నవిగా ఉండి ఐరన్ మాత్రం సరిపడా ఉంటే, అది తలసీమియా లక్షణం (ట్రెయిట్) కావచ్చు. ఆ మనిషికి జబ్బేమీ ఉండదు, బిళ్లలతో ప్రయోజనమూ ఉండదు. కానీ భార్యాభర్తలిద్దరికీ ఆ లక్షణం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ తలసీమియా జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటేనే బతికే పిల్లలు వాళ్లు. పెళ్లికి ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

లోపం ఐరన్‌దేనని డాక్టర్ తేల్చాక బిళ్ల వేసుకునే పద్ధతి కూడా ముఖ్యం. టీతోనో పాలతోనో కాల్షియం బిళ్లతోనో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టేది తక్కువ. నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే మేలు. మలం నల్లగా వస్తుంది, భయపడి ఆపేయొద్దు. అంకె పెరిగిందని మానేయొద్దు, గాదె నిండడానికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. బీట్‌రూట్ రసం ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం కాదు. కార్జం, మాంసం తినేవాళ్లకు వాటిలోని ఐరన్ త్వరగా పడుతుంది. తిననివాళ్లు అన్నం తిన్న గంట వరకూ టీ మానుకోవడమైనా మొదలుపెట్టాలి.

శిబిరాలు నడిపేవారికీ ఒక మాట చెప్పక తప్పదు. సంచీల సంఖ్య కోసం “పర్లేదు, రాసేయండి” అనొద్దు. వేలిని పిండి పిండి చుక్క తీయొద్దు, అలా తీస్తే వచ్చే అంకెను నమ్మలేం. వెనక్కి పంపే ప్రతి మనిషికీ హిమోగ్లోబిన్ ఎంతో, ఎక్కడికెళ్లి చూపించుకోవాలో రాసిన చీటీ ఇవ్వండి. ఒక్క చీటీకి అయ్యే ఖర్చెంత?

మిమ్మల్ని ఎప్పుడైనా ఇలా పంపేసి ఉంటే, నిరుడు జరిగినా సరే, ఈ వారంలోనే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పరీక్ష చేయించుకోండి. నాలుగడుగులకే ఆయాసం వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, ఐరన్ బిళ్లలు వాడకుండానే మలం తారులా నల్లగా వస్తున్నా వారం ఆగొద్దు, ఇవాళే వెళ్లండి. గర్భిణులకు హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే ఇంట్లో ఉంచి చూసుకునే సమయం కాదు, పెద్దాసుపత్రిలో చేర్చాలి.